పాత పిన్‌బాల్ పెట్టెకు మళ్లీ రంగు, అచ్చు బొమ్మలు వేయడం ఎలా

మా ఊరి బియ్యం మిల్లులో గుమాస్తా రేకు అచ్చును గోనె బస్తా మీద పెట్టి, నీలిరంగులో ముంచిన గుడ్డతో రెండుసార్లు అద్ది ఎత్తేసేవాడు. మిల్లు పేరు పడేది. అక్షరాల అంచులు కాస్త అలుక్కుపోయేవి, అయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. వెనక ఇంకా రెండు వందల బస్తాలు ఉండేవి మరి. చాలా ఏళ్ల తరవాత షికాగో శివారులో, అరోరా బాలాజీ గుడికి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న మా గ్యారేజీలో, 1960ల నాటి గాట్లీబ్ కంపెనీ పిన్‌బాల్ యంత్రాన్ని (నాణెం వేసి, ఏటవాలు బల్ల మీద ఉక్కు బంతిని ఆడించే పెట్టె అది) పక్కకు వంచి చూసినప్పుడు అదే అలుకు కనిపించింది. ఎర్రటి బాణం గుర్తు చుట్టూ వెంట్రుకవాసి మసక. షికాగో కాస్ట్నర్ అవెన్యూలోని గాట్లీబ్ కర్మాగారంలో ఎవరో పనివాడు అచ్చు ఆనించి, రంగు చిమ్మి, తరవాతి పెట్టె దగ్గరికి నడిచి ఉంటాడు.

పాత పిన్‌బాల్ పెట్టెకు మళ్లీ రంగు వేయాలనుకునేవారు ముందుగా ఆ మసకను ప్రేమించడం నేర్చుకోవాలి. అంచులు బ్లేడుతో కోసినట్టు వచ్చి, పైన గాజులా మెరిసే పూత పడితే అది కొత్త బల్లలా ఉంటుంది గానీ ఆ కాలపు పెట్టెలా ఉండదు. నా మొదటి పెట్టెను నేను అలాగే పాడుచేశాను. ఇప్పుడు మూడోదాని మీద ఉన్నాను కాబట్టి చెప్పే ధైర్యం వచ్చింది.

నేను చెప్పే పద్ధతి 1947లో గాట్లీబ్ వారి హంప్టీ డంప్టీ ఆటతో, బొత్తాం నొక్కితే బంతిని పైకి కొట్టే ఫ్లిప్పర్లు వచ్చినప్పటి నుంచి, 1970ల చివర ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చేదాకా తయారైన రిలేల (విద్యుత్తుతో కదిలే స్విచ్చుల) యంత్రాలకు సరిపోతుంది. గాట్లీబ్, విలియమ్స్, బ్యాలీ, షికాగో కాయిన్ అన్నీ షికాగోవే. తమాషా ఏమిటంటే, ప్రపంచానికంతటికీ పిన్‌బాల్ పంపిన ఆ నగరంలోనే ఆ ఆట 1970ల దాకా నిషిద్ధం. న్యూయార్క్‌లోనూ 1940ల నుంచి 1976 వరకు అంతే.

అసలు రంగు వేయాలా?

పెట్టె మీద ముప్పాతిక వంతు అసలు రంగు నిలిచి ఉంటే ముట్టుకోకండి. మురికి తుడిచి, రాలిన చోట్ల సన్నటి కుంచెతో సరిచేసి ఊరుకోండి. సేకరించేవాళ్లు గీతలున్న అసలు రంగుకు ఇచ్చే విలువ మంచి కొత్త రంగుకు ఇవ్వరు. తుడవడానికి నాఫ్తాలో (పెట్రోలియం నుంచి తీసే ద్రావకం) తడిపిన మెత్తటి గుడ్డ సరిపోతుంది. ముందు కాళ్ల వెనక దాగిన మూలలో కొంచెం రుద్ది గుడ్డ చూడండి. మురికి గోధుమరంగులో వస్తే కొనసాగించవచ్చు, పెట్టె రంగు వస్తే ఆపేయాలి. స్పిరిట్, అంటే ఆల్కహాల్, మాత్రం తగలనివ్వకండి. పాత రంగు కరిగి గుడ్డకు అంటుకుంటుంది.

మళ్లీ వేయక తప్పని పెట్టెలు మూడు రకాలు: నేలమాళిగలో నీళ్లు నిలిచి అడుగు పలక ఉబ్బినవి, ఎవరో ఇంట్లో నల్ల రంగు పూసేసినవి, సగం రంగు పెచ్చులుగా లేచిపోయినవి. నల్ల రంగు పూసినదాన్ని చూసి నిరాశపడకండి. గది చీకటి చేసి, టార్చిని పలకకు ఆనించినట్టు పక్కనుంచి వేసి చూడండి. అడుగున ఉన్న అచ్చు బొమ్మ గట్టు, సన్నటి నరంలా, నలుపు కింద పైకి తేలి కనిపిస్తుంది. ఆ గట్టు వెంట పెన్సిల్ తోలితే బొమ్మ సగం దొరికినట్టే.

చెరిపేముందు నకలు తీయండి

గరుకు కాగితం తగిలించాక వెనక్కి రావడం ఉండదు. అందుకే ఈ ఒక్క దశకు పూర్తిగా ఒక వారాంతం ఇవ్వండి.

మొదట ఫొటోలు. పలకకు ఎదురుగా, వీలైనంత దూరంగా నిలబడి, జూమ్ చేసి తీయండి. దగ్గరనుంచి తీస్తే అంచులు వంగిపోయి కొలతలు తప్పుతాయి. ఫ్లాష్ వద్దు, పగటి వెలుతురు చాలు. ప్రతి ఫొటోలో ఒక స్కేలు పడాలి.

తరవాత నకలు. పెట్టె పక్క పలక నాలుగడుగులకు పైగా పొడవుంటుంది కాబట్టి వెడల్పాటి పారదర్శక ప్లాస్టిక్ చుట్ట కొని, పలక మీద టేపుతో బిగుతుగా పరిచి, చెరగని సన్న పెన్నుతో బొమ్మ అంచులు గీయండి. మసక ఉన్నచోట గీత ఎక్కడ గీయాలన్న సందేహం వస్తుంది. రంగు నిండుగా ఉన్న చోటు ముగిసే దగ్గర గీయండి, మసక బయట కాదు. అది తిరిగి చిమ్మేటప్పుడు తనంతట తాను వస్తుంది. బయట గీస్తే ప్రతి బొమ్మా రెండు మూడు మిల్లీమీటర్లు లావెక్కుతుంది.

ప్లాస్టిక్ మీద పెట్టెలోని కదలని గుర్తులు కూడా వేయండి: కాళ్ల బోల్టు రంధ్రాలు, ఫ్లిప్పర్ బొత్తాల రంధ్రం, పలక మూలలు. రేపు అచ్చును సరిగ్గా ఆనించడానికి ఇవే దిక్కు. రెండు పక్కలకూ, ముందు పలకకూ, పైన నిలబడే అద్దం పెట్టెకూ (దీన్నే తల పెట్టె అంటాను) విడివిడిగా నకలు తీయాలి. ఎడమ పక్క తీస్తే కుడి పక్క దాని అద్దపు బొమ్మే కదా అని ఊరుకోకండి. చాలావాటిలో అంతే, కానీ పనివాడు అచ్చును అరంగుళం కిందికో పైకో పెట్టిన పెట్టెలు నాకు రెండు తగిలాయి.

ఒక రంగు మరోదాని మీదికి ఎక్కిన చోటు వెతికి భూతద్దంతో చూడండి. పైన ఉన్నదే తరవాత వేసినది. ఎరుపు మీద నలుపు ఎక్కిందా, నలుపు మీద ఎరుపా అన్నది ఇప్పుడే పుస్తకంలో రాసుకోవాలి. గుర్తుంటుందిలే అనుకున్నవారెవరికీ గుర్తుండదు.

రంగు కలపడం

కళ్లకు కనిపించే రంగును నమ్మకండి. యాభై ఏళ్ల ఎండ, సిగరెట్ పొగ తాగిన తెలుపు మీగడ రంగులోకి దిగుతుంది, ఎరుపు ఇటుక రంగులోకి. అసలు రంగు దాగే చోట్లు నాలుగు: పక్కల మీది స్టీలు పట్టీల కింద, కాళ్లు ఆనిన మూలల్లో, నాణేల తలుపు చట్రం వెనక, తల పెట్టె కిందిపెట్టె మీద కూర్చునే చోట. పట్టీ ఊడదీసిన రోజు నేను చూసిన నీలం, బయట ఉన్న బూడిదరంగు ఒకటేనంటే నమ్మలేకపోయాను.

అక్కడ కూడా తడిగుడ్డతో తుడిచి, తడి ఆరాక చూడాలి. రంగుల దుకాణంలో కొలిచే పరికరం పట్టేందుకు రూపాయి బిళ్లంత శుభ్రమైన చోటు కావాలి. పెట్టెను మోసుకుపోలేరు గనక కాళ్ల మూలనుంచి పెచ్చు ఒకటి జాగ్రత్తగా లేపి తీసుకెళ్లండి. కలిపించిన రంగును వెంటనే పెట్టెకు వేయకుండా చిన్న చెక్క మీద పూసి, ఆరనిచ్చి, దాగిన చోటు పక్కన పెట్టి చూడండి. చాలా రంగులు ఆరాక ఒక మెట్టు ముదురుతాయి. మెరుపు విషయానికొస్తే, అరమెరుపు దాటనివ్వకండి.

విప్పడం

గోడలోని ప్లగ్గు తీసేయండి. స్విచ్చి ఆపితే చాలదు, ఈ యంత్రాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దాకా, కొన్నింట్లో ఇంకా అవతలికి కూడా 120 వోల్టులు నడుస్తాయి. తరవాత లోపలి ఉక్కు బంతి తీసి జేబులో వేసుకోండి. బంతి మరిచిపోయి యంత్రాన్ని వంచితే అది లోపల ఎక్కడ దూకుతుందో చెప్పలేం.

తల పెట్టెలోని బొమ్మల అద్దం అన్నిటికంటే ముందు బయటికి రావాలి. దాని బొమ్మ అద్దం వెనకవైపు రంగుతో అచ్చయినది, పొరలు పొరలుగా రాలే స్థితిలో ఉంటుంది. వెనకవైపు తుడవకండి, వేలు పెట్టకండి, దేనికీ ఆనేలా పడుకోబెట్టకండి. దుప్పటి చుట్టి నిలువుగా, పిల్లలు తిరగని గదిలో పెట్టండి. పెట్టె రంగు చెడితే మళ్లీ వేసుకోవచ్చు. ఆ అద్దం పోతే పోయినట్టే.

ఇక తల పెట్టె. లోపల పెద్ద పెద్ద ప్లగ్గులు ఉంటాయి. ప్రతిదానికీ, అది కూర్చునే గూటికీ ఒకే అంకె రాసిన టేపు ముక్క అంటించి, ఫొటో తీసి, అప్పుడు ఊడలాగండి. వైరు పట్టుకుని లాగకూడదు. బంతి దొర్లే ఆట బల్లను ఇద్దరు పట్టి బయటికి తీయండి. యంత్రం మొత్తం రెండు వందల యాభై పౌండ్లకు అటూ ఇటూ తూగుతుంది, ఒంటరిగా చేయాలని పంతానికి పోతే నడుం చెబుతుంది.

అడుగున మోటారు, రిలేలు బిగించిన పలక ఉంటుంది. కొందరు దాన్ని లోపలే ఉంచి పైన ప్లాస్టిక్ కప్పి రంగు వేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. రాపిడి దుమ్ము రిలేల మొనల మధ్య చేరిందంటే యంత్రం ఆడుతూ ఆడుతూ అంకెలు మింగేస్తుంది, ఎందుకో నెలల తరబడి అర్థం కాదు. పలక స్క్రూలు విప్పి, తలుపు వైర్లు, బంతిని తోసే ప్లంజర్, యంత్రాన్ని ఎత్తి కుదిపితే ఆట ఆపేసే వంపు పరికరాలు అన్నీ ఫొటోలతో సహా విడదీయండి. వాటి తీగలు గోడకు చిన్న మేకులతో కొట్టి ఉంటాయి, పీకేటప్పుడు తీగను కోయకుండా చూసుకోండి.

స్టీలు పట్టీలను కూడా మేకులతో కొట్టిన పెట్టెలు ఉన్నాయి. సన్నటి లప్పం రేకును పట్టీ కిందికి దూర్చి, అంగుళం అంగుళం జరుపుతూ లేపండి. ఒక చోట గట్టిగా ఎత్తితే పట్టీ మడత పడుతుంది, ఆ మడత మళ్లీ సాఫీ కాదు. ప్రతి సంచిలో మేకులు, స్క్రూలు, వాటి ఊరు పేరు రాసిన చీటీ.

చెక్క పని

రాపిడి మొదలుపెట్టేముందు ఒక హెచ్చరిక. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మీ పెట్టె అంతకంటే పాతదైతే దాని మీద సీసం ఉందనుకునే పనిచేయండి. సన్నదుమ్మును ఆపే పీ-100 మాస్కు పెట్టుకుని, కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి. ఊడ్చకండి, తడిగుడ్డతో ఎత్తండి. ఆ బట్టలతో ఇంట్లోకి, ముఖ్యంగా పసిపిల్లల దగ్గరికి వెళ్లకండి. గర్భిణులు ఆ ఛాయలకే రాకూడదు.

పెట్టె మూలలు ఊడిపోయి ఉంటాయి. వెనక మూల పట్టుకుని కదిపితే కిరకిరలాడే పెట్టెకు రంగు వేయడం దండగ. మూలను ఇంకొంచెం తెరిచి, పాత జిగురు గీరి, చెక్క జిగురు దట్టంగా పెట్టి, క్లాంపులతో ఒక రాత్రి బిగించి ఉంచండి. లోపల కాళ్ల బోల్టులు దిగే మూల దిమ్మెలు వదులైతే వాటికీ అదే మందు. బరువంతా మోసేవి అవే. ప్లైవుడ్ అడుగంచు పొరలుగా విచ్చుకుంటే సిరంజితో జిగురు ఎక్కించి, రెండు పక్కలా మైనపు కాగితం పెట్టి నొక్కి బిగించండి.

తరవాత రంధ్రాలు. బార్ల యజమానులు డబ్బు దొంగల భయంతో ముందు పలక మీద తాళం పట్టీలు అడ్డంగా బోల్టు వేయించేవారు. ఆ రంధ్రాలు పెద్దవి, వాటిలో ఉత్త లప్పం కూరితే ఏడాదికి గుంట పడుతుంది. చెక్క గూటం ఒకటి జిగురుతో దిగ్గొట్టి, పైభాగం సమంగా కోసి, ఆపైన కార్ల డొక్కులకు వాడే రెండు భాగాల లప్పం పలుచగా పట్టించండి. అది ఇరవై నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి నిమ్మకాయంత ముద్ద మించి కలపవద్దు.

ఒక చోట మాత్రం లప్పం పెట్టకూడదు. ముందు పలక అంచుల్లో, నాణేల తలుపు చుట్టుపక్కల వెతకండి. చాలా యంత్రాలకు వరుస సంఖ్యను చెక్కలోకే గుద్ది ఉంటారు. గీతలు, గుంతలు అనుకుని నింపేశారంటే యంత్రం పుట్టుక గుర్తు పోయినట్టే. దాని మీద టేపు వేసి ఉంచండి. లోపలి గోడలకున్న పాత లైసెన్సు స్టిక్కర్లు, పెన్సిల్ రాతలు కూడా అలాగే ఉండనివ్వండి. లోపల రంగు వేయకండి, అది పచ్చి చెక్కగానే తయారైంది.

80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, తరవాత 180కి వెళ్లండి. మూలల అంచులు గుండ్రంగా అరగనివ్వకండి. చెక్క నారలు కొంచెం కనిపించినా ఫరవాలేదు. ఆ కాలపు పెట్టెల్లో రంగు కింద నార కనిపిస్తూనే ఉండేది. దాన్ని పూర్తిగా పూడ్చి ఫార్మైకా బల్లలా చేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

ప్రైమర్, నేల రంగు

ప్రైమర్‌కు లక్కతో చేసినది తీసుకోండి. పాత ఎరుపు పైకి ఊరకుండా, పొగ కంపు, తేమ మరకలు పైకి తేలకుండా ఆపడంలో దానికి సాటి లేదు. వాసన మాత్రం భరించలేం. మా ఆవిడ రెండు రోజులు గ్యారేజీ తలుపు వైపు చూడలేదు. రెండు పూతలు వేసి, ఆరాక 220 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, టార్చిని మళ్లీ పక్కనుంచి పట్టండి. లప్పం గుంటలు, రాపిడి గీతలు ప్రైమర్ మీద బయటపడినంతగా చెక్క మీద బయటపడవు. ఇక్కడ సరిచేసుకుంటే సరే, నేల రంగు వేశాక కనిపిస్తే కుమిలిపోవడమే.

నేల రంగు అంటే బొమ్మల కింద పెట్టె అంతటా ఉండే రంగు, ఎక్కువగా తెలుపో లేత బూడిదరంగో. గాలి పంపుతో చిమ్మే తుపాకి ఉంటే మంచిది, లేకుంటే స్ప్రే డబ్బాలతోనైనా అవుతుంది. రోలర్ వాడితే నారింజ తొక్కలాంటి గరుకు మిగులుతుంది. తప్పదంటే సన్నటి నురగ రోలర్ వాడి, మధ్యమధ్య రుద్దాలి.

వాతావరణం 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, తేమ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. షికాగోలో అయితే మే నుంచి అక్టోబరు దాకా. జనవరిలో గ్యారేజీలో హీటర్ పెట్టి రంగు చిమ్ముతాననేవారికి ఒక్క మాట: ఆ తుంపర మంటకు అంటుకుంటుంది.

పూతల మధ్య వ్యవధిని డబ్బా మీద చదివి అక్షరాలా పాటించండి. నూనె ఆధారిత స్ప్రే ఎనామెల్ చాలావాటి మీద గంటలోపు మరో పూత వేయండి, లేదంటే 48 గంటలు ఆగండి అని ఉంటుంది. ఆ మధ్యలో వేస్తే కింది పొర సగం ఆరి, పైపొరలోని ద్రావకం తగలగానే ముడతలు పడుతుంది. నా మొదటి పెట్టె కుడి పక్క ఆరు గంటలకు మలి పూత వేశాను. కళ్లముందే పాల మీది మీగడలా ముడుచుకుంది. మొత్తం గీకి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టాను.

నేల రంగు ఆరాక కనీసం వారం రోజులు పెట్టెను వదిలేయండి. అచ్చు జిగురు, టేపు పచ్చి రంగును పొరతో సహా లేపేస్తాయి.

చుక్కలు

1950లు, 60ల పెట్టెలు చాలావాటిలో నేల రంగు మీద సన్నటి చుక్కలు, సాలెగూటి పోగుల్లాంటి చార కనిపిస్తాయి. వాటిని మరిచిపోతే పెట్టె బోసిగా ఉంటుంది. మీ పెట్టెలో అవి బొమ్మల కింద ఉన్నాయా, బొమ్మల మీద కూడా పడ్డాయా అన్నది నకలు తీసేటప్పుడే చూసి రాసుకుని ఉండాలి. కింద ఉంటే ఇప్పుడు వేయాలి.

గట్టి వెంట్రుకల కుంచెను పలుచని రంగులో కొనమాత్రం ముంచి, పాత కాగితం మీద విదిలించి బరువు తగ్గించి, వెంట్రుకలను బొటనవేలితో వెనక్కి లాగి వదలండి. అడుగున్నర దూరం నుంచి చుక్కలు ఆవగింజంత పడతాయి, దగ్గరకు వెళ్తే కందిగింజంత. పాత అట్టపెట్టె మీద గంటసేపు సాధన చేయకుండా పెట్టె దగ్గరికి రావద్దు. పోగుల చార కావాలంటే రంగు చిక్కగా ఉండాలి, చిమ్మే గాలి తక్కువగా ఉండాలి. అప్పుడు రంగు చుక్కగా తెగకుండా దారంలా సాగుతుంది. ఇందులో నాకు ఇంకా చేయి తిరగలేదు.

అచ్చులు కోయడం

ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. మూడు రంగుల పెట్టెకు పక్కలకు మూడు, ముందుకు మూడు, తలకు మూడు.

అంటుకునే వినైల్ అచ్చులు బజారులో దొరుకుతాయి, కొన్ని ప్రసిద్ధ ఆటలకు తయారుగా కోసినవే అమ్ముతారు. వాటితో పని సులువు, అంచు కత్తిలా వస్తుంది. 1970ల చివరి పెట్టెలకు, అంచులు కొంత పదునుగా ఉన్నవాటికి అవి చాలు. 1960ల పెట్టెకు మాత్రం నేను అంటుకోని అచ్చునే వాడతాను: 0.2 మిల్లీమీటర్ల మందమున్న మైలార్ అనే ప్లాస్టిక్ షీటు. అది పలక మీద ఆనీ ఆనక ఉంటుంది, అంచు కిందికి రంగు పిసరంత పొగలా దూరుతుంది. మనకు కావలసిన మసక అదే.

ప్లాస్టిక్ నకలును మైలార్ కింద పెట్టి, కొత్త బ్లేడుతో కోయండి. ప్రతి రెండడుగులకు బ్లేడు మార్చండి, మొద్దుబారినది మైలార్‌ను చింపుతుంది. సరళరేఖలకు స్టీలు స్కేలు. వంపుల దగ్గర చేతిని కదపకుండా షీటును తిప్పండి. కంప్యూటర్ వచ్చినవారు నకలును ఫొటో తీసి, గీతలుగా మార్చి, కటింగ్ యంత్రానికి ఇవ్వవచ్చు. కానీ ఇంటి యంత్రాల వెడల్పు ఎక్కువగా 12 అంగుళాలే కాబట్టి ముక్కలు అతకాల్సి వస్తుంది. అతుకు దగ్గర అర మిల్లీమీటరు తేడా వచ్చినా కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. చేత్తో కోయడమే నాకు త్వరగా అయింది.

సంక్రాంతి ముందు అంగళ్లలో అమ్మే ముగ్గు అచ్చులు చూసినవారికి తరవాతి సంగతి వెంటనే అర్థమవుతుంది. వృత్తం మధ్యలో చిన్న వృత్తం ఉండాలంటే, ఆ చిన్నది ఊడి పడకుండా దాన్ని బయటి అచ్చుతో కలిపే సన్నటి వంతెన కావాలి. అసలు పెట్టె మీద ఆ వంతెనల గుర్తులు, రంగు తెగిన ఖాళీలుగా, మీకు కనిపిస్తే సంతోషించండి. సరిగ్గా అక్కడే మీరూ వంతెన ఉంచండి, ఆ ఖాళీని తరవాత పూడ్చకండి. కనిపించకపోతే మాత్రం మధ్య ముక్కను వేరుగా కోసి, జిగురుతో ఆనించాలి.

ప్రతి అచ్చు మీద బోల్టు రంధ్రాల గుర్తులు, "పై", "ముందు" అని పెద్ద అక్షరాలు, రంగు వరుస సంఖ్య రాయండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండో పెట్టెకు ఎడమ పక్క బ్రహ్మాండంగా వచ్చాక, అదే ఊపులో అచ్చును తిరగేయకుండా కుడి పక్క మీద పెట్టి చిమ్మేశాను. మా అమ్మాయి మంచినీళ్ల సీసా ఇవ్వడానికి వచ్చి ఒక నిమిషం చూసి, "నాన్నా, ఈ పక్క బాణం గోడ వైపు పోతోందేం?" అంది. ఎడమ పక్క బాణం ఆడేవాడి వైపు చూస్తే, కుడి పక్కదీ అటే చూడాలి. అందుకు అచ్చును బోర్లా తిప్పాలి. తిప్పేముందు దాని మీద ఆరిన రంగు గీకి తుడవాలి, లేకపోతే పెచ్చులు పలక మీద పడతాయి. అక్షరాలున్న అచ్చును మాత్రం తిప్పకూడదు, దానికి రెండో ప్రతి కోయాల్సిందే.

రంగు చిమ్మడం

పెట్టెను పక్కకు పడుకోబెట్టి, చిమ్మే పలక ఆకాశం చూసేలా ఉంచండి. నిలువు పలక మీద మైలార్ జారుతుంది, రంగూ కారుతుంది. కింద ఆనే పక్కకు మెత్తటి పాత దుప్పటి పరవండి, ఆ పక్క మీద ముందు వేసిన రంగు ఉంటే అది కనీసం రెండు రోజులు ఆరి ఉండాలి. అంటే మూడు రంగుల పెట్టెకు ఈ దశ ఒక్కటే రెండు మూడు వారాలు. తొందరపడితే దుప్పటి నేత మీ పెట్టె మీద అచ్చవుతుంది.

అచ్చును బోల్టు రంధ్రాల గుర్తులతో సరిచూసి ఆనించండి. వెనకవైపు మళ్లీ ఊడిరాగల స్ప్రే జిగురు దూరం నుంచి ఒక్క విసురు చాలు. సన్నటి మొనలు పైకి లేస్తుంటే వాటి మీద ఇనుప నట్లు పెట్టండి, కానీ అచ్చులో కోసిన ఖాళీకి మరీ దగ్గరగా వద్దు, నీడ పడిన చోట రంగు పలుచబడుతుంది. అచ్చు బయట మిగిలిన పెట్టె అంతా కాగితం, టేపుతో కప్పండి. అంతా అంటే అంతా. తుంపర గాలిలో తేలి పదడుగుల అవతల వాలుతుంది.

పది పన్నెండు అంగుళాల ఎత్తునుంచి, నేరుగా కిందికి చిమ్మండి. ఏటవాలుగా చిమ్మితే రంగు అచ్చు కిందికి ఒకే వైపు తోసుకుపోయి, మసక ఒక పక్కే వస్తుంది, నీడలా కనిపిస్తుంది. చేయి కదలిక అచ్చు బయటనే మొదలై బయటనే ముగియాలి. పలుచని పూతలు మూడు, నాలుగు, మధ్యలో ఐదేసి నిమిషాలు. దట్టంగా ఒక్కసారి చిమ్మితే అంచు దగ్గర రంగు గుంటకట్టి కిందికి పాకుతుంది. అది మసక అనిపించుకోదు, మరక అవుతుంది.

చివరి పూత జిగటగా మారాక, వేలికి అంటుకుంటూ పోగులు సాగని స్థితిలో, ఇద్దరు రెండు కొనలు పట్టుకుని అచ్చును నిట్టనిలువుగా పైకి ఎత్తండి. పక్కకు ఈడ్చితే అంతే సంగతులు. ఎత్తాక వెంటనే దిద్దాలని చేయి దురద పెడుతుంది. రేపటిదాకా ఆగండి. రాత్రి తప్పులా కనిపించినవాటిలో సగం పొద్దున్నకు ఆ కాలపు పనితనంలా కనిపిస్తాయి. మిగిలిన సగాన్ని నేల రంగు ముంచిన సున్నా నంబరు కుంచెతో దిద్దండి.

రెండో రంగుకు, మూడో రంగుకు ఇదే తంతు, ముందు రాసుకున్న వరుసలో.

పైపూత, బిగింపు

పైన రంగులేని పూత వేయాలా అని ప్రతివారూ అడుగుతారు. అసలు పెట్టెలకు అది లేదు. ఇంట్లో పిల్లలు, పార్టీలు ఉంటే నీటి ఆధారిత పాలీయురేథేన్, మెరుపులేనిది, ఒక్క పలుచని పూత వేసుకోవచ్చు. ముందు ముక్క చెక్క మీద మీ రంగులతో పరీక్షించండి, కొన్ని ఎరుపులు దాని కింద కరిగి పాకుతాయి. నూనె ఆధారితది వద్దు, ఏడాదిలో తెలుపును పసుపు చేస్తుంది. నేనైతే ఏదీ వేయను.

పాత స్టీలు పట్టీలు, నాణేల తలుపు ఈలోగా శుభ్రం చేసి పెట్టుకోండి. ఆట బల్ల, అడుగు పలక, ప్లగ్గులు విప్పిన వరుసకు తిరుగు వరుసలో, ఫొటోలు ఎదురుగా పెట్టుకుని వెళ్తాయి. కాళ్లకు మాత్రం తొందర వద్దు. రంగు పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది. కాళ్ల బోల్టు బిగించగానే ఇనుము రంగును నొక్కి, చుట్టూ ముడత లేపుతుంది. కనీసం మూడు వారాలు ఆగి, కాలికీ చెక్కకూ మధ్య పెట్టే రక్షణ రేకులు నాలుగు మూలలా వేసి అప్పుడు బిగించండి. అవి బయటికి కనిపించవు, చవకే.

చివరగా ఒక అట్టముక్క మీద రంగుల కోడ్లు, అవి వేసిన వరుస, తేదీ రాసి, పెట్టె లోపలి గోడకు, పాత లైసెన్సు స్టిక్కర్ పక్కన రెండు చిన్న మేకులతో కొట్టండి. జేబులోని బంతి తీసి లోపల వేయండి.